ఆ పాత సరుకులో ఏముందో!

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లకు ఒక అలవాటు. కథలో వింత మందు కనపడగానే 'ఇది జరిగే పనేనా?' అని అడుగుతారు. ఒక గుక్క తాగితే మనిషి మాయమైపోతాడా, ఒక మాత్ర వేసుకుంటే పదిమంది తెలివి ఒక్కడికే వచ్చేస్తుందా అని. ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే దాన్ని ఎప్పుడూ మందు అద్భుతం చేసే చోటే అడుగుతున్నాం. మందు మొరాయించిన చోట అడిగి చూస్తే జవాబు వేరుగా వస్తుంది.

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1886లో ప్రచురించిన డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్ కథ చాలామందికి తెలిసిందే. ఒక పొడి కలుపుకుని తాగితే పెద్దమనిషి జెకిల్ కాస్తా నీచుడు హైడ్ అవుతాడు. మళ్లీ తాగితే యథారూపం. మనిషి ఎత్తు, ముఖం, చేతుల తీరు నిమిషాల్లో మారిపోవడం ఏ రసాయనానికీ చేతనయ్యే పని కాదు. విరిగిన ఎముక అతకడానికే శరీరానికి వారాలు పడుతుంది. ఇక్కడితో పుస్తకం మూసేసేవాళ్లు మూసేయవచ్చు. కానీ కథ చివరికి వెళ్లి చూడండి. మందులో పడే లవణాన్ని జెకిల్ మొదట్లోనే టోకు వ్యాపారుల దగ్గర ఎక్కువగా కొని పెట్టుకున్నాడు. అది అయిపోవస్తుంది. కొత్తది తెప్పిస్తాడు. కలిపితే పొంగుతుంది, మొదటి రంగు మారుతుంది, రెండో రంగు మాత్రం మారదు. తాగితే ఏమీ కాదు. పాపం నౌకరు పూల్ లండన్‌లోని మందుల కొట్లన్నీ తిరుగుతాడు. తెచ్చినదాన్నల్లా 'ఇది శుద్ధమైన సరుకు కాదు' అని జెకిల్ తిప్పి పంపుతూనే ఉంటాడు. ఆఖరి ఉత్తరం రాసే వేళకు గానీ అతనికి అసలు సంగతి తట్టదు. కొత్త సరుకులో లోపమేమీ లేదు. మొదట కొన్నదాంట్లోనే ఏదో మలినం ఉంది. పనిచేసింది ఆ మలినమే. అదేమిటో తెలుసుకునే దారి ఇక లేదు.

ఈ ఒక్క పేజీని జీడిమెట్లలోనో పాశమైలారంలోనో క్వాలిటీ కంట్రోల్ చూసే కెమిస్టుకు చదివి వినిపిస్తే నవ్వడు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వెలసిన 1960ల నుంచి ఈ నగరం బల్క్ డ్రగ్స్‌కు పేరుపడింది. అదే రియాక్టరు, అదే ముడి సరుకు, అదే పద్ధతి అయినా ఒక బ్యాచ్ పాసై ఇంకొకటి ఫెయిలవడం, రిపోర్టులో తెలియని పీక్ ఒకటి లేవడం, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా సరుకు గేటు దాటకపోవడం అక్కడ మామూలే. వేరే కొట్టులో కొన్న ద్రావకం, సరిగా కడగని పాత్ర, ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైన వేడి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. జెకిల్‌కు లేనిదల్లా ఒక ల్యాబ్ రిపోర్టు, మొదటి బ్యాచ్ నుంచి తీసి దాచిన శాంపిల్. ఇవాళ చిన్న కంపెనీ సైతం ప్రతి బ్యాచ్ నుంచీ కొంత తీసి బీరువాలో పెట్టుకుంటుంది.

ఇది కథల్లోనే జరిగేది కాదు. హెచ్ఐవీ రోగులకు ఇచ్చే రిటోనవిర్ 1996లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. రెండేళ్లు సజావుగా సాగింది. 1998లో ఉన్నట్టుండి కొన్ని బ్యాచ్‌లు కరగడం మానేశాయి. అణువు అదే, ఫార్ములా అదే. అణువులు పేర్చుకునే తీరు మాత్రం మారింది. అంతవరకూ ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం పుట్టుకొచ్చింది. అది పాతదానికన్నా గట్టిది, తేలికగా కరగదు, కాబట్టి ఒంటికి పట్టదు. కంటికి కనపడనంత రేణువు ఒకటి చేరినా చాలు, ఆ ఫ్యాక్టరీలో పాత రూపాన్ని మళ్లీ తయారుచేయడం దుర్లభమైపోయేది. తయారీదారు అబాట్ కంపెనీ క్యాప్స్యూళ్లను వెనక్కి తీసుకుని, కొత్త రూపం సిద్ధమయ్యేదాకా రోగులకు చేదు ద్రవాన్ని ఇచ్చింది. స్టీవెన్సన్ 112 ఏళ్ల ముందే రాసిపెట్టిన కథ ఇది. ఆయన రసాయన శాస్త్రం చదువుకోలేదు. చిన్ననాటి నుంచి రోగిష్టి. మందు సీసాలతో సహవాసం చేసినవాడికి, అదే మందు ఒక కొట్లో కొంటే పనిచేసి మరో కొట్లో కొంటే పనిచేయకపోవడం వింత కాదు.

మలినం ఇంకో రకంగానూ కాటేస్తుంది. ఫిలిప్ కె. డిక్ 1977లో 'ఎ స్కానర్ డార్క్‌లీ' నవల వెలువరించాడు. అందులో 'సబ్‌స్టెన్స్ డి' అనే మత్తుమందు వాడేవాళ్ల మెదడు రెండు అర్ధగోళాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేస్తాయి. నిఘా పెట్టే పోలీసూ, నిఘా కింద ఉన్న మనిషీ ఒకడే అయినా ఆ సంగతి అతనికే తెలియకుండా పోతుంది. ఒక మందు మెదడులో అంత కచ్చితంగా, అంత శాశ్వతంగా ఒకచోటే దెబ్బకొడుతుందా? 1982 మార్చిలో డిక్ చనిపోయాడు. ఆ వేసవిలోనే కాలిఫోర్నియా ఆసుపత్రులకు ఇంకా వయసు మీరని మనుషులు కొయ్యబారిన స్థితిలో వచ్చారు. కదలలేరు, మాట్లాడలేరు. ముసలివాళ్లకు వచ్చే పార్కిన్సన్ లక్షణాలు వీళ్లకు రోజుల్లో వచ్చిపడ్డాయి. నాడీ వైద్యుడు విలియం లాంగ్‌స్టన్ ఆరా తీస్తే, వాళ్లందరూ ఎక్కించుకున్నది దొంగచాటుగా చేసిన కృత్రిమ హెరాయిన్ అని తేలింది. చేసినవాడు తొందరపడటంతో అందులో ఎంపీటీపీ అనే మలినం చేరింది. డోపమైన్ తయారుచేసే కణాలను వెతికి వెతికి చంపడం దాని గుణం. ఇవాళ పార్కిన్సన్ పరిశోధనలో జంతువులకు ఆ వ్యాధి తెప్పించడానికి దాన్నీ వాడతారు. డిక్ ఊహించిన చోటు వేరు, దెబ్బ తగిలిన చోటు వేరు. ఊహ మాత్రం గురితప్పలేదు. ఆ నవల చివర మందుల వల్ల చచ్చిపోయిన, చెడిపోయిన స్నేహితుల పేర్లు రాసి, ఆ జాబితాలో తన పేరూ చేర్చుకున్నాడాయన. ఆ ఊహ గురితప్పకపోవడానికి కారణం బహుశా అదే కావచ్చు.

ఆల్డస్ హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932)లోని సోమ గురించి రాయకుండా ఈ విషయం ముగియదు. పేరు మన వేదాల నుంచే తీసుకున్నాడు. రుగ్వేదంలో తొమ్మిదో మండలం దాదాపు మొత్తం ఆ సోమానికే అంకితం. రాళ్ల మధ్య నలిపి, వడగట్టి, పాలు కలిపి తాగేవారని తెలుసు గానీ ఆ మొక్క ఏదో నేటికీ తేలలేదు. అది దొరకనప్పుడు వేరే మొక్కలు వాడుకోవచ్చని బ్రాహ్మణ గ్రంథాలే వెసులుబాటు ఇచ్చాయి. సోమయాగం చేసినందుకే మన తిక్కన సోమయాజి అయ్యాడు. గోర్డన్ వాసన్ అనే అమెరికన్ 1968లో ఆ వేదకాలపు సోమం ఎర్ర టోపీ, తెల్ల చుక్కల విషపు పుట్టగొడుగు అని వాదించాడు. కాదు, ఎఫెడ్రా అని ఇంకొందరు. మొదటిది మనిషిని మత్తులో ముంచేది, రెండోది నిద్ర పోనివ్వనిది. పండితుల మధ్య దూరం ఈ స్థాయిలో ఉంది.

హక్స్‌లీ సోమలో ఈ గొడవలేవీ లేవు. ప్రభుత్వం పంచే మాత్ర. దిగులు పోతుంది, మర్నాడు తలనొప్పి రాదు, ఎవరూ తిరగబడరు. హ్యాంగోవర్ లేని మత్తు అనగానే వైద్యులు పెదవి విరుస్తారు. మెదడులో గాబా అనే వ్యవస్థను పట్టుకుని జోకొట్టే మందులకు శరీరం తొందరగానే అలవాటుపడుతుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. అయితే హక్స్‌లీ ఈ విషయం తెలియక రాయలేదు. నవలలో లిండా అనే ఆమె ఉంది. పాత జీవితం గుర్తుకు రాకుండా రోజుకు ఇన్నేసి గ్రాములు మింగుతూ మంచం దిగదు. ఇలాగే సాగితే ఏదో ఒక రోజు శ్వాసకేంద్రం స్తంభించి నెలా రెండు నెలల్లో పోతుందని డాక్టరు నింపాదిగా చెబుతాడు. మాత్రలు ఆపమని మాత్రం చెప్పడు. నిద్రమాత్రలు ఎక్కువైతే మనిషి పోయేది సరిగ్గా ఆ దారినే. సోమ ఇచ్చే సుఖం కల్పన, లిండా చావు పాఠ్యపుస్తకం. ఆ డాక్టరు నింపాదితనం ఏ కోవలోకి వస్తుందో పాఠకులే తేల్చుకోవాలి.

ఆ తర్వాత జరిగిన తమాషా చూడండి. 1955లో మెప్రొబమేట్ అనే మందు మిల్‌టౌన్ పేరుతో అమెరికాలో అమ్మకానికొచ్చి, సినిమా తారల నుంచి గృహిణుల దాకా అందరి పర్సుల్లోకీ చేరింది. తన నవల ఇంత తొందరగా నిజమవుతుందనుకోలేదన్న ధోరణిలో 1958లో హక్స్‌లీ మళ్లీ వ్యాసాలు రాయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అదే శాస్త్రవేత్తల బృందం కండరాల నొప్పికి కారిసోప్రొడాల్ అనే మందు తెచ్చింది. దానికి పెట్టిన వ్యాపార నామం సాక్షాత్తూ సోమ! ఒంట్లోకి వెళ్లాక అది మారేది మెప్రొబమేట్‌గానే. ఆ మందు ఇంకా బతికే ఉంది. దాన్ని టాపెంటడాల్ అనే నొప్పి మందుతో కలిపి మాత్రలు చేసి మన దేశం నుంచి పశ్చిమాఫ్రికాకు పంపుతున్నారనీ, అక్కడి యువత వాటికి బానిసలవుతోందనీ బయటపడటంతో 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆ కలయిక తయారీనీ ఎగుమతినీ ఆపేసింది.

ఆఫ్రికా దాకా ఎందుకు? మన పల్లెల్లోనే అలాంటి కథ ఉంది. దానికి ముందు ఒక నవల చూద్దాం. ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' (1965)లో ఎడారి గ్రహం మీద మాత్రమే దొరికే ఒక మసాలా ఉంది. తిన్నవాడికి ఆయుష్షు పెరుగుతుంది, రేపు జరగబోయేది కనపడుతుంది, కళ్లు మొత్తం నీలంగా మారతాయి. భవిష్యత్తు కనపడటం వట్టిదే. అయితే ఒకసారి అలవాటుపడ్డాక మానేస్తే చావే అన్న నియమం కూడా ఆ నవలలో ఉంది. చాలామంది పాఠకులకు ఇదే అతిశయోక్తిగా తోస్తుంది. నిజానికి నల్లమందు, హెరాయిన్ మానేస్తే నరకం కనపడుతుంది గానీ మనిషి పోవడం అరుదు. సారా, నిద్రమాత్రల బాపతు వేరు. ఏళ్ల తరబడి వాటితో అణిగిన మెదడు, అవి ఉన్నపళంగా ఆగిపోగానే తాడు తెంచుకుంటుంది. వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం, ఆఖరికి ప్రాణాపాయం. తెలంగాణ పల్లెల్లో ఈ సంగతి ఎవరూ నవల చదివి తెలుసుకోలేదు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. కల్లు దుకాణానికి చాలినంత కల్లు ఎక్కడిది? నీళ్లు, చక్కెర, శాకరిన్, వాటిలో మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం. సాయంత్రం సీసా తాగే కూలీకి తాను తాగుతున్నది చెట్టు నుంచి దిగిందో ఫ్యాక్టరీ నుంచి దిగిందో తెలియదు. 2015లో అధికారులు కల్తీ కల్లును గట్టిగా కట్టడి చేయగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులు కొత్త రకం రోగులతో నిండాయి. ఫిట్స్ వచ్చేవాళ్లు, పిచ్చిచూపులు చూసేవాళ్లు, తమవాళ్లనే గుర్తుపట్టనివాళ్లు. 2020 లాక్‌డౌన్ తొలి రోజుల్లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు మళ్లీ అదే వరుస. వాళ్లకు డాక్టర్లు చేసే చికిత్స కూడా అదే కుటుంబానికి చెందిన మందును తగుమోతాదులో ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడమే. ఇక దాడుల్లో దొరికే అల్ప్రాజోలం ఎక్కడ తయారవుతోంది? చాలాసార్లు హైదరాబాద్ చుట్టుపక్కల మూతపడ్డ షెడ్లలోనే. జెకిల్ పేజీ చూసి నవ్వని కెమిస్టు ఉన్న ఊరే ఇది.

తెలివి పెంచే మాత్రల గురించి రెండు ముక్కలు చాలు. మెదడులో పదో వంతే వాడుతున్నాం, మిగతాది తెరిస్తే మహామేధావులమైపోతాం అన్నది ఉత్త మాట. ఒంటి బరువులో రెండు శాతం ఉండే మెదడు మనం తిన్నదాంట్లో ఇరవై శాతం శక్తిని ఖర్చు చేస్తుంది. వాడని అవయవాన్ని ఏ శరీరమూ అంత ఖర్చు పెట్టి పోషించదు. 'లిమిట్‌లెస్' (2011), 'లూసీ' (2014) సినిమాలు ఇలాంటి పునాది మీదే లేచాయి. మొదటిదానికి మూలం అలన్ గ్లిన్ 2001లో రాసిన నవల. అందులో హీరో మందు అయిపోయి, దాని దుష్ఫలితాలతో చావు కోసం ఎదురుచూస్తూ ముగుస్తాడు. సినిమావాళ్లు అతని చేతే మందును బాగుచేయించి, ఏ నష్టమూ లేకుండా ఎన్నికల బరిలో నిలబెట్టారు. సైన్స్ ఎక్కడ చెడిందంటే, నా దృష్టిలో ఆ శాతాల లెక్క దగ్గర కన్నా ఆ సుఖాంతం దగ్గరే ఎక్కువ చెడింది. పరీక్షల ముందు పిల్లలకు సరస్వతి ఆకు పెట్టిన పెద్దవాళ్లు కూడా అంతటి ఫలితాన్ని ఆశించలేదు.

అద్భుతాలన్నీ అబద్ధాలేనా అంటే, ఆ మాట అనడానికి ధైర్యం చాలదు. ఎడారి బల్లి విషంలోంచి మధుమేహానికి మందు తీస్తారని 1950లో ఎవరైనా కథ రాస్తే సంపాదకుడు తిప్పి పంపేవాడు. అమెరికాలోని గీలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో జాన్ ఎంగ్ 1992లో గుర్తించిన పదార్థం 2005లో ఎక్సెనటైడ్ ఇంజెక్షన్‌గా వచ్చింది. ఇవాళ బరువు తగ్గడానికి జనం ఎగబడుతున్న ఇంజెక్షన్లకు అదే పెద్దక్క.

ఇంతకన్నా వింత హెచ్.జి. వెల్స్ మందుది. ఆయన 'ఇన్విజిబుల్ మ్యాన్' (1897)లో గ్రిఫిన్ తన సిద్ధాంతాన్ని ఓపిగ్గా వివరిస్తాడు. గాజును పొడి చేస్తే తెల్లగా కనపడుతుంది, ఆ పొడిని నీళ్లలో వేస్తే దాదాపు కనపడదు. కాగితానికి నూనె పూస్తే అవతలి వెలుగు కనపడుతుంది. బజ్జీల పొట్లం విప్పినవాళ్లందరూ చూసిందే. కాగితపు పోగులూ, వాటి మధ్య గాలీ వెలుతురును వేర్వేరుగా వంచుతాయి, అందుకే వెలుతురు చెల్లాచెదురై కాగితం తెల్లగా ఉంటుంది. నూనె ఆ తేడాను పూడుస్తుంది. మన ఒంట్లోనూ రంగుగల భాగాలు కొన్నే, మిగతాదంతా ఈ చెదిరే వెలుతురే అంటాడు గ్రిఫిన్. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. సోవియట్ పుస్తకాల పుణ్యమా అని మనకు పరిచయమైన సైన్స్ రచయిత పెరెల్మాన్ మాత్రం ఒక మెలిక పెట్టాడు. కంటి కటకం, రెటీనా కూడా గాలిలా పారదర్శకమైతే కంట్లో బొమ్మే పడదు, మాయమైన మనిషి గుడ్డివాడవుతాడు. ఆ మెలికకు ఇప్పటికీ విరుగుడు లేదు.

కానీ 2024 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. టార్ట్రజైన్ అనే పసుపు రంగును నీళ్లలో గాఢంగా కలిపి ఎలుక పొట్ట మీద రుద్దారు. కొన్ని నిమిషాల్లో చర్మం నారింజ ఛాయలో పారదర్శకమై, లోపలి అవయవాలు పైకే కనపడ్డాయి. తల మీద రుద్దితే మెదడు పైనున్న రక్తనాళాలు కనపడ్డాయి. కడిగేస్తే మళ్లీ మామూలే. ఆ రంగు నీలి వెలుతురును బాగా మింగుతుంది. ఆ మింగడం వల్లే ఎరుపు వైపు వెలుతురును నీళ్లు కొంచెం ఎక్కువ వంచుతాయి, కొవ్వుకూ ప్రొటీనుకూ దగ్గరగా వస్తాయి. తేడా పూడుతుంది. నూనె కాగితం సూత్రమే. పదార్థం కూడా ఏ రహస్య రసాయనమో కాదు, మన దేశంలో మిఠాయిల్లో పరిమితంగా వాడుకోవడానికి అనుమతి ఉన్న రంగే. మనిషి చర్మం ఎలుక చర్మం కన్నా బాగా మందం కాబట్టి అది పైపూతతో అంత లోతుకు ఇంకదు. ఇంట్లో లడ్డూ రంగు డబ్బాతో ప్రయోగాలు వద్దు. అయినా వెల్స్ బతికి ఉంటే ఆ పత్రిక పట్టుకుని రెండు రోజులు వీధుల్లో తిరిగేవాడే.

కథల్లోని మందుల్లో ఒకటి మాత్రం పుస్తకం దాటి ఏకంగా పోలీసు ఠాణాలోకి వచ్చింది. నిజం చెప్పించే మందు. దీని పుట్టుక కూడా కథలాగే ఉంటుంది. 1916లో టెక్సస్‌లో రాబర్ట్ హౌస్ అనే డాక్టరు ఒక ఇంట్లో పురుడు పోశాడు. నొప్పులు తెలియకుండా తల్లికి స్కోపొలమైన్ ఇచ్చారు, ఆమె మగతలో ఉంది. బిడ్డను తూచడానికి త్రాసు ఎక్కడుందని డాక్టరు భర్తను అడిగితే అతనికి దొరకలేదు. మగతలో ఉన్న ఆమే వంటింట్లో ఫలానా పటం వెనక మేకుకు ఉందని చెప్పింది. హౌస్‌కు ఒళ్లు పులకరించింది. మందు మత్తులో మనిషి అబద్ధం ఆడలేడని తీర్మానించి, 1922లో డల్లాస్‌లో ఇద్దరు ఖైదీల మీద పరీక్షించాడు. త్రాసు గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆ తల్లికి ఏముందన్న ప్రశ్న ఆయనకు రాలేదు.

తర్వాత స్కోపొలమైన్ పోయి సోడియం పెంటథాల్ వచ్చింది. అది ఆపరేషన్‌కు ముందు వాడే మత్తుమందు. తక్కువ మోతాదులో ఇస్తే మనిషి బిగువు సడలుతుంది, మాటలు పెరుగుతాయి. కల్లు దుకాణంలో కూర్చున్నవాడికీ అంతే. మాటలు పెరిగినంత మాత్రాన అవి నిజాలు కావు. కలగన్నదీ, భయపడ్డదీ, అడిగేవాడు వినాలనుకున్నదీ కలగాపులగంగా వస్తాయి. అబద్ధం తేలికగా ఆడేవాడు మత్తులోనూ ఆడతాడు. మెదడులో నిజానికి వేరే అర ఉండదు, దాన్ని తెరిచే తాళంచెవి ఏ సీసాలోనూ లేదు. జెకిల్ పొడికన్నా ఈ మందు ఏమంత నమ్మదగింది కాదు. అయినా 2000లలో మన దేశంలో ఏ సంచలన కేసు వచ్చినా నిందితుణ్ని బెంగళూరు ల్యాబ్‌కు తీసుకెళ్లి ఈ మందుతో నార్కో పరీక్ష చేయించడం, మత్తులో అతను గొణిగిన మాటలు టీవీల్లో మోగిపోవడం రివాజైంది. మన సినిమాల్లో ఇంజెక్షన్ గుచ్చగానే విలన్ గడగడా అప్పజెప్పే సీన్లు చూసినవాళ్లకు అది సహజంగానే అనిపించింది.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. మనిషి అంగీకారం లేకుండా ఈ పరీక్ష చేయడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా బలవంతపెట్టడమేననీ, వ్యక్తి స్వేచ్ఛకు భంగమనీ తేల్చింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ మాటలు వాటంతట అవి సాక్ష్యం కావంది. అంతటితో ఆగిపోవాల్సిందే. ఆగలేదు. ప్రతి పెద్ద నేరం తర్వాతా 'నార్కో చేస్తే నిజం కక్కుతాడు' అని చర్చల్లో ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు, కోర్టుల్లో దరఖాస్తులు పడుతూనే ఉన్నాయి. బిహార్‌కు చెందిన ఒక కేసులో, బెయిల్ విచారణ సందర్భంగా నిందితులందరికీ నార్కో చేయిస్తామని పోలీసులు చెబితే పట్నా హైకోర్టు సరేనంది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, పదిహేనేళ్ల కిందట చెప్పిందే మళ్లీ చెప్పింది.